అలాంటి మాట లేదు

మా కోడలు ఇంటికొచ్చిన కొత్తలో మా ఇద్దరి మధ్యా నలభై మాటలు ఉండేవి. అన్నం, నీళ్లు, తలుపు, తాళం, దువ్వెన, రా, కూర్చో, చాలు, పడుకో. వాటితోనే ఇల్లు నడిచిపోయేది. నిజం చెప్పాలంటే ఇల్లు నడవడానికి అన్ని కూడా అక్కర్లేదు.

మావాడు ఓడ మీద కరెంటు పని చేస్తాడు. ఎక్కడో దూరపు రేవులో జ్వరం తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడ మందులిచ్చిన నర్సునే పెళ్లాడి వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునే భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు. ఐదో వారంలో ఓడ నుంచి పిలుపొచ్చింది. నాలుగు నెలల పని. వెళ్తూ వెళ్తూ "అమ్మా, తనని కాస్త చూసుకో" అన్నాడు నాతో. వాళ్ల భాషలో ఆమెతోనూ ఏదో అన్నాడు. అదే మాట అయ్యుంటుంది, ఎందుకంటే ఇద్దరం ఒకేసారి తల ఊపాం.

అది వానాకాలం మొదలు, బడులు తెరిచే రోజులు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడతాను. ఆ రెండు నెలలూ ముందు గదిలో కాలు పెట్టే చోటుండదు. నీలం గుడ్డ తాన్లు, కత్తిరించిన చొక్కా చేతులు ఒక కుప్ప, కాలర్లు ఒక కుప్ప, గుండీల డబ్బా. వాన జల్లుకి కిటికీ వేసేస్తే గదంతా కొత్త గుడ్డ గంజి వాసన. ఆ కుప్పల మధ్య నుంచే మా కోడలు రోజూ పొద్దున్నే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచి బయటికి వెళ్లేది. ఆమెకి పెద్దాసుపత్రిలో పని దొరికింది. మూడు నెలలు చూస్తారు, పనికొస్తుందనుకుంటే ఉంచుకుంటారు.

ఒక సాయంత్రం తడిసిన చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడిపోయింది.

"అత్తయ్యా, నాకు మాటలు కావాలి."

"ఏం మాటలు?"

పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ మాటలు వచ్చు. నొప్పి, మంట, పోటు, తిమ్మిరి." ఆ చెయ్యి పైకి జరిపి గుండెల మీద పెట్టుకుంది. "ఇక్కడ మాటలు రావు."

విషయం రాబట్టడానికి పావుగంట పట్టింది. వార్డులో ఒక ముసలాయన, కొడుకు చూడ్డానికి రాలేదని, "బెంగగా ఉందమ్మా" అన్నాడట. ఈమె బెణికిందనుకుంది. ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా కాలికి శుభ్రంగా కట్టు కట్టేసింది. వార్డు వార్డంతా నవ్వింది. పెద్ద నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "రోగి ఏం చెబుతున్నాడో అర్థం కానిదానివి ఇక్కడేం చేస్తావు?" అందట. ఆ వాక్యాన్ని మా కోడలు ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. అర్థం తెలిసిందో లేదో గాని, గొంతు మాత్రం తెలిసింది.

నవ్వొచ్చింది నాకు. ఆమె మొహం చూసి ఆపుకున్నాను.

"బెంగ కాలికి రాదమ్మాయ్" అన్నాను. "కూర్చో."

అలా మొదలైంది. రోజూ ఆమె డ్యూటీ నుంచి వచ్చాక, నేను కాలర్లు తిప్పుతూ, ఆమె నాకు గుండీలు కుట్టిపెడుతూ. చెప్పడం సులువనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాషే కదా. తీరా మొదలుపెడితే నోరు పెగల్లేదు. మా ఇంట్లో ఆ మాటలు ఎవరు వాడారని? ఎవరైనా "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనడమే. మావాడి నాన్న పోయిన ఏడాదంతా కూడా నేను అదే చెప్పాను. ఇప్పుడీ పిల్ల ఒక్కో మాటా పట్టుకుని, ఇది ఎప్పుడు వస్తుంది, ఎక్కడ వస్తుంది, వస్తే మనిషి ఏం చేస్తాడు అని అడుగుతుంటే, ఎప్పుడూ తెరవని పెట్టె తెరిచి చూపించమన్నట్టుండేది.

"మనిషి దూరంగా ఉంటే వచ్చేది బెంగ" అన్నాను. "దిగులుకి మనిషి అక్కర్లేదు, ఊరికే వస్తుంది. ఏదో అవబోతుందని భయంగా ఉంటే గుబులు."

ఆమె గుండీ నోట్లో పెట్టుకుని ఆలోచించింది. తీసి, "మీ అబ్బాయి కోసం?" అంది.

"బెంగ."

"సముద్రంలో తుఫాను. మీ అబ్బాయి ఓడ?"

"గుబులు. ముందు ఆ మాట వెనక్కి తీసుకో."

"సాయంత్రం. వాన. ఏమీ లేదు. ఊరికే?"

"దిగులు" అన్నాను.

"నాకు మూడూ ఉన్నాయి" అంది ఆమె, లెక్క సరిపోయిన దానిలా, మళ్లీ గుండీ అందుకుంటూ. నేను లేచి కాఫీ పెట్టుకొచ్చాను. అప్పటిదాకా ఆమెకి కాఫీ ఇచ్చాను గానీ, ఆమె కోసం పెట్టలేదు.

కొన్ని మాటలు నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. మొహమాటం అంటే ఏమిటో మూడు రోజులు చెప్పాను, ఎక్కలేదు. నాలుగో రోజు పక్కింటావిడ తన కూతురి గౌను పట్టుకొచ్చి, "నడుం దగ్గర కాస్త వదులు చేసిపెట్టవా, నీకెంతసేపు" అంది. నాకు పీకల దాకా పని ఉంది. "దానికేముంది, అక్కడ పెట్టి వెళ్లు" అన్నాను నవ్వుతూ. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి కోడలి వైపు తిరిగాను.

"చూశావా? ఇదే మొహమాటం."

ఆమె గౌను వంకా నా వంకా చూసి, "ఇది జబ్బు" అంది.

కోపానికీ సిగ్గుకీ తేడా ఆమే నా చేత చెప్పించింది. వార్డులో ఒకావిడ మొహం ఎర్రబడిందట, అది ఏదో తెలియలేదట. "ఎర్రబడటం రెండింటికీ ఉంది" అన్నాను. "కోపం వచ్చినవాళ్లు ఎదురుగా వస్తారు, గొంతు పెంచుతారు. సిగ్గుపడ్డవాళ్లు దాక్కుంటారు, మొహం చూపించరు. ఎటు పోతున్నారో చూడు, తెలిసిపోతుంది."

అలక చెప్పిన రోజు మాత్రం నేనే ఇరుక్కున్నాను. "అలక అంటే కోపమే, కాకపోతే మనవాళ్ల మీద. మాట్లాడకుండా మూతి ముడుచుకుని కూర్చుంటాం. వాళ్లు వచ్చి బతిమాలతారు. అప్పుడు పోతుంది."

"వాళ్లు రాకపోతే?"

"వస్తారు."

"రాలేదు. చాలా రోజులు. అప్పుడు కూడా అలక?"

దారం తెగింది. సూదిలో మళ్లీ ఎక్కించుకుంటూ, "అప్పుడు దాన్ని అలక అనరు" అన్నాను.

"ఏమంటారు?"

"నాకు తెలీదు. గుండీలు వరస తప్పుతున్నాయి, చూసుకో."

రెండో నెలకి ఆమె తనే మాటలు మోసుకొచ్చేది. ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచం మీద కొత్తగా చేరిన ఒకావిడ ఉందట. ఆమె మాటలు వేరుగా ఉంటాయట. అడిగితే విసుక్కోకుండా రెండోసారి, మూడోసారి చెబుతుందట. "మనసు చివుక్కుమంది అంటే?" అని ఒకరోజు. "ప్రాణం ఉసూరుమంటోంది అంటే?" అని ఇంకోరోజు. నేను చెప్పేదాన్ని. ఆవిడ ఎవరో మంచి మాటకారి అనుకున్నాను. ఆసుపత్రిలో సగంమంది రోగులు మూలుగుతూ పడుంటారు, ఈవిడెవరో నా కోడలికి పాఠాలు చెబుతోంది, పోనీలే అనుకున్నాను.

ఒక బుధవారం, గొడుగు దులుపుతూనే అడిగింది.

"అత్తయ్యా, దిగుబులు అంటే ఏంటి?"

నా కాలు మిషను తొక్కుడు మీద ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"దిగుబులు. ఆ కిటికీ పక్క ఆమె చెప్పింది. పొద్దున్న ఎలా ఉంది అని అడిగాను. దిగుబులుగా ఉంది అంది. దిగులు కాదు. గుబులు కాదు. మళ్లీ అడిగాను. అదే చెప్పింది. వేరే నర్సులకి తెలీదు."

ఆ మాట ఎవరికీ తెలియదు. ప్రపంచం మొత్తం మీద ముగ్గురికే తెలుసు, వాళ్లలో ఒకరు పోయారు. నాకు తొమ్మిదేళ్లు, మా చెల్లెలికి నాలుగు. అమ్మ పనికి వెళ్తే చీకటిపడే వేళకి వచ్చేది. అమ్మ ఏ రోజైనా ఆలస్యమైతే చెల్లెలు గుమ్మంలో కూర్చుని, "అక్కా, దిగుబులుగా ఉంది" అనేది. రెండు మాటలు దాని నోట్లో కలిసిపోయాయి. అమ్మ విని పడీ పడీ నవ్వింది. తర్వాత మాకు అదే మాట ఖాయమైపోయింది. అమ్మ కూడా వాడేది.

"అలాంటి మాట లేదు" అన్నాను.

"లేదా?"

"లేదు. తప్పు పలికి ఉంటుంది." మిషను తొక్కడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రం నేను కుట్టిన చేతులన్నీ తర్వాత విప్పాల్సి వచ్చింది. కుడిదీ ఎడమదీ తారుమారు చేశాను.

మర్నాడు కోడలు వచ్చేసరికి నాలుగు దాటింది. గుండీల డబ్బా దగ్గరికి రాలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

"అత్తయ్యా, నేను ఏం తప్పు చేశాను?"

"ఏమైంది?"

"ఆమెకి చెప్పాను. అమ్మా, అలాంటి మాట లేదంట, మా అత్తయ్య చెప్పారు అని. ఆమె నవ్వుతుంది అనుకున్నాను. ఆమె నన్ను చూసింది. మీ అత్తయ్య అలా అందా అని అడిగింది. అవును అన్నాను. గోడ వైపు తిరిగింది. మధ్యాహ్నం అన్నం వద్దు అంది. పెద్ద డాక్టరు అడిగితే జవాబు లేదు. రేపు పొద్దున్న ఆమెకి ఆపరేషన్. పొట్టలో గడ్డ. అది మంచిదో చెడ్డదో తీశాక తెలుస్తుంది." ఊపిరి తీసుకుంది. "పెద్ద నర్సమ్మ అడిగింది, నువ్వు ఏం అన్నావు ఆమెతో అని. నేను ఏం అన్నాను, అత్తయ్యా?"

అబద్ధం ఆడింది నేను. మొట్టికాయ తిన్నది ఈ పిల్ల. కత్తెర పక్కన పెట్టాను.

"అలాంటి మాట ఉంది" అన్నాను. "ఆమె మా చెల్లెలు."

ఎంత అర్థమైందో తెలియదు గానీ, వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. నేను చెప్పాను. మాటలు వెతుక్కుంటూ, ఆమెకి తెలిసిన మాటల్లోనే చెప్పాల్సి రావడం వల్ల కాబోలు, దాచడానికి చోటు లేకపోయింది.

అమ్మ చివరి రోజులు చెల్లెలి ఇంట్లో గడిచాయి. ఇక్కడికి రెండు స్టాపుల దూరం. అదీ వానాకాలమే. అమ్మకి బాగోలేదు రమ్మని చెల్లెలు సోమవారం కబురు పెట్టింది. బుధవారానికి యూనిఫాం జతలు బడికి అప్పజెప్పాలి, ఇచ్చేసి వస్తానన్నాను. అమ్మకి బాగోకపోవడం అప్పటికి చాలాసార్లు అయింది. మంగళవారం సాయంత్రం అమ్మ పోయింది. నేను వెళ్లేసరికి గదినిండా జనం. వాళ్లందరి ముందూ చెల్లెలు, "ఎందుకొచ్చావు? నీ అమ్మ ఆ మిషనే, దాని దగ్గరికే పో" అంది. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. పదకొండేళ్లు.

బయట వాన చూరు మీద నుంచి ధారగా కారుతోంది.

"మీకు ఆమె మీద కోపం" అంది కోడలు.

"అవును."

"వీధిలో ఆమె కనిపిస్తే ఏం చేస్తారు?"

"సందు మారిపోతాను."

ఆమె నుదురు ముడిచింది. అర్థం కానప్పుడు అలాగే ముడుస్తుంది. "కోపం అయితే ఎదురుగా వెళ్తారు. మీరే చెప్పారు."

"చెప్పాను."

"సందు మారితే దాక్కోవడం కదా. మరి అది ఏ మాట?"

నన్ను తప్పుపట్టడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. మొహంలో అదే శ్రద్ధ, బెంగకీ దిగులుకీ తేడా అడిగినప్పటి శ్రద్ధ.

సూది కింద కాలరు సగంలో ఉంది. దాన్ని బయటికి తీసి, దారం కత్తిరించి, మడతపెట్టాను.

"ఎన్నింటిదాకా లోపలికి రానిస్తారు?" అన్నాను.

"ఏడు."

"గొడుగు తీసుకో."

బస్సులో వెళ్లాం. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమె నా మోచెయ్యి పట్టుకుంది, నేను జారిపోతానన్నట్టు. ఆ వార్డు పొడుగ్గా ఉంది, రెండు వైపులా ఆరేసి మంచాలు. కిటికీ పక్కదాని మీద మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. జడ సగం తెల్లబడింది. నేను ఇంకా నల్ల జడే ఊహించుకుంటూ ఉన్నాను.

కోడలు స్టూలు లాగి, తెర జరిపి, వెళ్లిపోయింది.

"ఆ స్టూలు ఊగుతుంది, చూసి కూర్చో" అంది చెల్లెలు, ఇటు తిరక్కుండానే.

కూర్చున్నాను. ఊగింది.

"నేనని ఎలా తెలిసింది?"

"నీ చెప్పుల చప్పుడు. ఎప్పుడూ ఒక కాలు ఈడుస్తావు." మెల్లగా వెల్లకిలా తిరిగింది. మొహం పీక్కుపోయింది. "నీ కోడలని నేను చేరిన రోజే తెలిసింది. మా ఆయన అంటూ వాడి ఫోటో చూపించింది. రోజూ మాటలు ఇంటికి తీసుకెళ్లి అత్తయ్యని అడుగుతానంది. మంచి పిల్ల. పిచ్చి పిల్ల."

"అయితే కావాలనే చెప్పి పంపావా?"

"నాకు నిజంగానే అలా ఉంది" అంది. "మా ఆయన లారీతో దారిలో ఉన్నాడు, రేపు మధ్యాహ్నానికి గానీ రాడు. రాత్రంతా అలాగే ఉంది. ఇంకెవరికి చెప్పను, చెప్పినా ఎవరికి అర్థమవుతుంది? చెబితే నీ దాకా వస్తుందని తెలుసు." ఆగింది. "వచ్చింది. నువ్వు లేదన్నావు."

"అన్నాను."

ఎదురు మంచం ఆవిడ దగ్గుతోంది. ఎవరో ఆయా బక్కెట్టు ఈడ్చుకుంటూ పోయింది. క్షమించు అనే మాట నా కోడలికి నేను నేర్పలేదు. ఆ మాట మేం ఇళ్లలో వాడం. ఆ మాట నాకూ నోటికి రాలేదు.

"ఆ సోమవారమే నేను రావాల్సింది" అన్నాను.

"రావాల్సిందే" అంది.

చాలాసేపటికి, పదకొండేళ్లుగా నా లోపల కూర్చున్న ప్రశ్న దానంతటదే బయటికొచ్చింది. "అమ్మ నాకోసం అడిగిందా?"

చెల్లెలు పైకప్పు వైపు చూసింది.

"అడిగింది. పిల్లల బట్టలు అప్పజెప్పి వస్తుందని చెప్పాను. సరే, దాన్ని తొందరపెట్టకు, హడావిడిలో సూది వేలికి గుచ్చుకుంటుంది అంది. అంతే. తర్వాత పడుకుంది."

నేను స్టూలు అంచు పట్టుకున్నాను.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే నీకు తేలికైపోతుంది కదా." గొంతులో కాఠిన్యం ఏమీ లేదు, అలసట తప్ప. "నేను ఒక్కదాన్నే అంతా చూశాను. నీకు తేలికవడం నాకిష్టం లేకపోయింది. మొదట్లో ఉక్రోషం. తర్వాత, చెప్పాలంటే నేనే రావాలి కదా. ఎలా వస్తాను, అందరి ముందూ అంత మాట అన్నదాన్ని. నువ్వు దూరంగా కనిపిస్తే దుకాణంలోకి దూరేదాన్ని."

నేను సందు మారిన రోజుల్లో అది దుకాణాల్లో నిలబడి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండోదే వచ్చింది. ఆపుకోలేదు. చెల్లెలు దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి నా మోకాలి మీద వేసింది. సూదిమందు గుచ్చిన చోట పట్టీ, దాని కింద నల్లగా కమిలిన చర్మం. ఆ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

తెర సందులోంచి మా కోడలు ఒకసారి తొంగి చూసింది. చేతిలో కంచం. ఒక్క క్షణం నా మొహం చూసింది. కంచం బల్ల మీద పెట్టి, తెర మళ్లీ దగ్గరికి లాగి పోయింది. చెల్లెలు నాలుగు ముద్దలు తింది. ఐదోది వద్దంటే నేను బతిమాలాను.

ఆ గడ్డ ప్రమాదకరమైంది కాదని పది రోజుల తర్వాత తెలిసింది. కుట్లు మానేదాకా చెల్లెలు మా ముందు గదిలోనే ఉంది. మూడో రోజే ఫ్యాను ఎంత వేగంలో తిరగాలనే విషయం మీద ఇద్దరం పోట్లాడుకున్నాం. పెద్ద నర్సమ్మ మా కోడలిని ఉంచుకుంది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రానికి మాకవేవీ తెలియవు.

ఏడింటికి గంట కొట్టారు. బయటివాళ్లు వెళ్లిపోవాలి.

"పొద్దున్న ఏడింటికి తీసుకెళ్తారట" అంది చెల్లెలు.

"ఆరింటికల్లా వస్తాను."

"ఆరున్నరకి వస్తే చాల్లే. నిద్ర పో."

"ఆరింటికి వస్తాను."

"సరే" అని కళ్లు మూసుకుంది.

మర్నాడు నేను వెళ్లేసరికి ఐదు కూడా కాలేదు. గేటు ఇంకా తీయలేదు. సన్నగా వాన పడుతోంది. కాపలా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకా గంట పడుతుందమ్మా, ఎదురుగా అరుగుంది, కూర్చోండి" అన్నాడు.

"పర్లేదు బాబూ, ఇక్కడే ఉంటాను" అని గేటు పట్టుకుని నిలబడ్డాను.